30 సీట్లు వచ్చినవాళ్లు బయట, 25 వచ్చినవాళ్లు లోపల: స్కాట్లాండ్ కౌన్సిల్ ఫలితాలు ఎలా చదవాలి

తమ్ముడూ, అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగానే రాస్తున్నాను. తరవాత చదివేవాళ్ల కోసం నీ ప్రశ్న ముందు రెండు ముక్కల్లో చెప్తాను. కోర్సులో ప్రాజెక్టు కోసం 1977 నాటి గ్లాస్గో డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఫలితాల పట్టిక చూశావు. లేబర్ 30, కన్జర్వేటివ్ 25, ఎస్‌ఎన్‌పీ (స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోరే స్కాటిష్ నేషనల్ పార్టీ) 16, లిబరల్ 1. ఆ తరవాత నగరాన్ని పాలించింది 25 వచ్చిన కన్జర్వేటివ్‌లు. 2022లో ఎడిన్‌బరా చూస్తే ఎస్‌ఎన్‌పీకి 19, లేబర్‌కి 13. పాలించింది లేబర్. "ఇక్కడ కూడా క్యాంపు రాజకీయాలున్నాయా అక్కా, లేక పట్టికే తప్పా?" అని అడిగావు. చివర్లో "అసలు ఈ ఎన్నికల్లో నాకు ఓటుందా?" అని కూడా అడిగావు.

పట్టిక తప్పు కాదు. క్యాంపులూ లేవు. నేను గ్లాస్గోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. 2007 నుంచి దాదాపు ప్రతి కౌన్సిల్ ఎన్నికలోనూ పోలింగ్ బూత్‌లోనో కౌంటింగ్ హాల్లోనో పని చేశాను. నాకు బాగా అర్థమైన సంగతి ఏమిటంటే, ఇక్కడ ఓట్ల లెక్కింపు అయిపోయిన రోజున ఎవరూ గెలిచినట్టు కాదు. సీట్ల పట్టిక సగం ఫలితం. మిగతా సగం కొత్త కౌన్సిల్ మొదటిసారి కూర్చున్నప్పుడు తేలుతుంది. ఎన్నిక జరిగిన 21 రోజుల్లోపు ఆ సమావేశం పెట్టి తీరాలని 1973 నాటి చట్టం చెబుతోంది. నువ్వు చూసిన రెండు పట్టికల్లోనూ ఆ రెండో సగం లేదు. అందుకే అయోమయం.

ముందు 'డిస్ట్రిక్ట్' అనే మాట సంగతి చూద్దాం. దాన్ని జిల్లా అని అనువదించుకున్నామంటే మొదటి అడుగులోనే దారి తప్పుతాం. పాత స్కాట్లాండ్‌లో పెద్ద ముక్క పేరు రీజియన్, దాని లోపలి చిన్న ముక్క పేరు డిస్ట్రిక్ట్. మన జిల్లా పరిషత్తు స్థానంలో రీజియన్‌నీ, మున్సిపాలిటీ స్థానంలో డిస్ట్రిక్ట్‌నీ పెట్టుకుంటే దాదాపు సరిపోతుంది. లార్డ్ వీట్లీ అధ్యక్షతన వేసిన రాయల్ కమిషన్ 1969లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1973లో చట్టం వచ్చింది. బర్గులనే పాత పట్టణ పాలనా సంస్థలూ కౌంటీలూ అన్నీ రద్దయి, వాటి స్థానంలో 9 రీజియన్లు, 53 డిస్ట్రిక్టులు వచ్చాయి. ఆర్క్‌నీ, షెట్‌లాండ్, వెస్టర్న్ ఐల్స్ అనే మూడు దీవుల ప్రాంతాలకు విడిగా ఒక్కో కౌన్సిల్. మొదటి ఎన్నికలు 1974 మేలో జరిగితే, కొత్త కౌన్సిళ్లు 1975 మేలో బాధ్యతలు తీసుకున్నాయి.

ఎవరి చేతిలో ఏముందో తెలిస్తేనే ఆ ఎన్నికలకు అర్థం ఉంటుంది. బడులు, సాంఘిక సంక్షేమం, పోలీసు, అగ్నిమాపక దళం, పెద్ద రోడ్లు, మంచినీళ్లు, మురుగునీటి కాలువలు రీజియన్ చూసేది. ఇళ్లు, చెత్త, పార్కులు, గ్రంథాలయాలు, మ్యూజియాలు, లైసెన్సులు డిస్ట్రిక్ట్ చూసేది. వినడానికి డిస్ట్రిక్ట్ పని చిన్నదిగా ఉంది కదా? గ్లాస్గోలో అలా కాదు. డెబ్బైల చివర్లో ఈ నగరంలో సగానికి పైగా కుటుంబాలు కౌన్సిల్ ఇళ్లలో అద్దెకుండేవి. పైకప్పు కారినా, గోడకు చెమ్మ పట్టినా, అద్దె పెరిగినా అడగాల్సింది డిస్ట్రిక్ట్ కౌన్సిలర్‌నే. నేను మొదట్లో అద్దెకున్న వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. వాళ్ల అమ్మ గదిలో గోడకి నల్లగా బూజు పట్టిన చోట బీరువా అడ్డం పెట్టేవారట. కౌన్సిలర్ వచ్చిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఆ బీరువా పక్కకు జరిపి చూపించేవారట. ఎన్నికంటే తనకు గుర్తొచ్చేది ఆ బీరువాయేనని చెప్పింది. డిస్ట్రిక్ట్ కౌన్సిల్ ఎవరిదన్న ప్రశ్న జనం ఇళ్ల గోడల దాకా వెళ్లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఇక 1977 సంగతి. పోలింగ్ మే 3న. గ్లాస్గోలో 72 వార్డులు, వార్డుకొక కౌన్సిలర్. మన దగ్గరలాగే ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లదే సీటు. లేబర్‌కి గ్లాస్గో కంచుకోట. 1974లో భారీ మెజారిటీతో గెలిచిన చోటే మూడేళ్లలో 30కి పడిపోయింది. కారణాలు నగరం లోపలవే కాదు. లండన్‌లో ఉన్నది జేమ్స్ కాలహాన్ లేబర్ ప్రభుత్వం. 1976లో ఐఎంఎఫ్ దగ్గర అప్పు కోసం వెళ్లి, దానికోసం ఖర్చులు కోసింది. ధరలు మండుతున్నాయి. మరోపక్క స్కాట్లాండ్‌కి సొంత శాసనసభ ఇస్తామన్న బిల్లు 1977 ఫిబ్రవరిలో పార్లమెంటులో చిక్కుకుపోయింది. 1974 అక్టోబర్‌లో 11 మంది ఎంపీలను గెలిపించుకున్న ఎస్‌ఎన్‌పీ అప్పుడు మంచి ఊపు మీద ఉంది. కోపంతో లేబర్‌ని వదిలిన ఓటర్లలో కొందరు అటు వెళ్లారు, కొందరు కన్జర్వేటివ్‌ల వైపు వెళ్లారు. సీట్లు మూడు ముక్కలయ్యాయి.

72లో మెజారిటీ అంటే 37. లేబర్‌కి ఏడు తక్కువ, కన్జర్వేటివ్‌లకు పన్నెండు తక్కువ. తాళంచెవి 16 మంది ఎస్‌ఎన్‌పీ వాళ్ల చేతిలో ఉంది. ఏ రెండు పెద్ద పార్టీలు కలిసినా లెక్క సరిపోయేది. కానీ ఎవరూ ఎవరితోనూ పొత్తు పెట్టుకోలేదు. చివరికి కన్జర్వేటివ్‌లే మైనారిటీ పాలన ఏర్పాటు చేశారు. జాన్ యంగ్ కౌన్సిల్ నాయకుడయ్యారు. మన దగ్గరైతే "అతి పెద్ద పార్టీని ముందు పిలవాలి కదా" అంటాం. అలా పిలవడానికి ఇక్కడ గవర్నరూ లేడు, కలెక్టరూ లేడు. సీట్లు ఎక్కువ వచ్చిన పార్టీకి ప్రత్యేక హక్కేమీ లేదు. సమావేశంలో ఎవరి తీర్మానానికి ఎక్కువ చేతులు లేస్తే వాళ్లదే పాలన. ఎదుటి పక్షం చేతులెత్తకుండా ఊరుకున్నా సరిపోతుంది. ఒక పదవికి ఓట్లు సమానమైతే చీటీ వేసి తేలుస్తారు. ఆ ఒక్కటీ మనకు అలవాటైనదే.

1977 నుంచి 1979 దాకా ఆ రెండేళ్లు గ్లాస్గోలో ఇళ్లు ఒక పార్టీ చేతిలో, బడులు ఇంకో పార్టీ చేతిలో ఉన్నాయి. గ్లాస్గో ఉన్న స్ట్రాత్‌క్లైడ్ రీజియన్ పుట్టినప్పటి నుంచి రద్దయ్యేదాకా లేబర్‌దే. స్కాట్లాండ్ జనాభాలో దాదాపు సగం ఆ ఒక్క రీజియన్‌లోనే ఉండేది. అందుకే నీ ప్రాజెక్టులో "1977లో గ్లాస్గోని కన్జర్వేటివ్‌లు పాలించారు" అని రాస్తే సగమే నిజం. డిస్ట్రిక్ట్‌ని పాలించారు అని రాయి. ఇంకో మాట. ఆ పట్టికను ఒక పెద్ద మార్పుకు మొదలని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. 1979లోనే జీన్ మెక్‌ఫాడెన్ నాయకత్వంలో లేబర్ మళ్లీ పాలనలోకి వచ్చింది. 1980 ఎన్నికల్లో తిరుగులేని మెజారిటీ తెచ్చుకుంది. అదే 1979లో ఎస్‌ఎన్‌పీ ఎంపీలు 11 నుంచి 2కి తగ్గిపోయారు. 1977 కోపంతో వేసిన ఓటు. జనం మనసు మారి వేసిన ఓటు కాదు. మనసు నిజంగా మారడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. 2017లో గానీ గ్లాస్గోలో ఎస్‌ఎన్‌పీ అతి పెద్ద పార్టీ కాలేకపోయింది. అప్పుడు 85లో 39 గెలిచింది.

డిస్ట్రిక్ట్ ఎన్నికల్లో నిజంగా మలుపు అనదగ్గది నా దృష్టిలో 1984 ఎడిన్‌బరా. ఆ నగరం తరతరాలుగా కన్జర్వేటివ్‌ల వైపు, వాళ్లకు దగ్గరివాళ్ల వైపు మొగ్గేది. అక్కడ లేబర్ మొట్టమొదటిసారి సొంత మెజారిటీ సాధించింది. లండన్‌లో కన్జర్వేటివ్ ప్రధాని థాచర్ ప్రభుత్వం, ఎడిన్‌బరాలో దానికి ఎదురు నిలిచిన కౌన్సిల్. ఎనభైల రాజకీయమంతా ఆ ఒక్క నగరంలో కనిపిస్తుంది. నీకు ప్రాజెక్టుకి ఇంకో పట్టిక కావాలంటే దాన్ని తీసుకో.

ఈ రెండంచెల ఏర్పాటు 1996 ఏప్రిల్ 1న ముగిసింది. రీజియన్లూ డిస్ట్రిక్టులూ పోయి ఇప్పటి 32 కౌన్సిళ్లు వచ్చాయి. బడీ చెత్తా ఇళ్లూ అన్నీ ఒకే గొడుగు కిందికి చేరాయి. నీళ్లు మాత్రం కౌన్సిళ్ల చేతిలోంచి జారిపోయాయి. నీళ్లను ప్రైవేటు పరం చేస్తారేమోనన్న భయంతో 1994లో స్ట్రాత్‌క్లైడ్ రీజియన్ తనే ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. ఓటేసినవాళ్లలో 97 శాతం వద్దన్నారు. ఇప్పుడు నీళ్లు స్కాటిష్ వాటర్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నాయి. నీ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో నీటి చార్జీ వేరే వరసలో కనిపిస్తుంది చూడు, దాని వెనక కథ ఇది.

1996 తరవాత కూడా ఓటింగ్ పద్ధతి పాతదే, వార్డుకొకరు. దాని వల్ల ఏం జరిగేదో చెప్పాలంటే 2003 గ్లాస్గో ఫలితం చాలు. సగం కంటే తక్కువ ఓట్లతో లేబర్ 79లో 71 సీట్లు గెలిచింది. మిగతా పార్టీలన్నిటికీ కలిపి ఎనిమిది. ఓటర్లలో సగానికి పైగా వేరేవాళ్లకు వేశారు, కౌన్సిల్ సమావేశంలో మాత్రం వాళ్ల గొంతు వినపడదు. నా కళ్లకు అది అన్యాయమే. అలాంటి చోట్ల ఫలితం ముందే తెలుసు కాబట్టి సమావేశానికీ విలువ ఉండదు, అడిగేవాళ్లూ ఉండరు. అదే ఏడాది స్కాటిష్ పార్లమెంటులో లేబర్‌తో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేయడానికి లిబరల్ డెమొక్రాట్లు పెట్టిన ముఖ్యమైన షరతు కౌన్సిల్ ఎన్నికల పద్ధతి మార్చడం. 2004లో చట్టం వచ్చింది. 2007 నుంచి దాదాపు ప్రతి వార్డుకీ ముగ్గురో నలుగురో కౌన్సిలర్లు, ప్రాధాన్య క్రమంలో ఓటు.

ఈ పద్ధతి తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు గుర్తు తెచ్చుకో. 2021లో నల్గొండ, ఖమ్మం, వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేశారు, దుప్పటంత బ్యాలెట్ పేపరు. మొదటి ప్రాధాన్యతా ఓట్లతో తేలక, ఒక్కొక్కరినీ ఎలిమినేట్ చేస్తూ రోజుల తరబడి లెక్కపెట్టారు. ఇక్కడ జరిగేదీ అదే. తేడా ఏమిటంటే అక్కడ ఒక్క సీటు, కాబట్టి సగం దాటాలి. ఇక్కడ ఒక వార్డులో మూడు నాలుగు సీట్లు, కాబట్టి కోటా, అంటే గెలవడానికి కావాల్సిన ఓట్ల సంఖ్య, చిన్నది.

లెక్క చేసి చూపిస్తాను. వార్డులో నాలుగు సీట్లు, చెల్లిన ఓట్లు 10,000 అనుకో. సీట్ల సంఖ్యకు ఒకటి కలిపితే ఐదు. 10,000ను ఐదుతో భాగించి ఒకటి కలిపితే 2,001. అది కోటా. ఒకామెకు మొదటి ప్రాధాన్య ఓట్లు 2,600 వచ్చాయి. గెలిచింది, పైన 599 మిగిలాయి. ఆ మిగులు ఎవరి ఓట్లు? 2,600 మందిలో చివర పడిన 599 మందివి అనలేం కదా. అందుకని 2,600 కాగితాలూ రెండో ప్రాధాన్యం వైపు కదులుతాయి, కానీ ఒక్కో కాగితం విలువ 0.23038 మాత్రమే. ఐదు దశాంశ స్థానాల దాకా లెక్క, ఆ పైన వదిలేస్తారు. మిగులు పంచాక కూడా సీట్లు నిండకపోతే అందరికంటే తక్కువ ఉన్నవాళ్లను తప్పించి, వాళ్ల కాగితాలు ఉన్న విలువతోనే తరవాతి ప్రాధాన్యానికి పంపుతారు. చేత్తో ఇది తెమిలే పని కాదు. అందుకే ఇక్కడ స్కానర్లతో లెక్కిస్తారు.

కౌంటింగ్ హాల్లో నాకు ఇష్టమైన చోటు స్కానర్లు కాదు, వాటి పక్కన ఉండే తెరలు. యంత్రానికి అర్థం కాని గుర్తు వస్తే ఆ కాగితం బొమ్మ తెర మీదికి వస్తుంది. ఎన్నికల సిబ్బంది, వెనక నిలబడ్డ పార్టీల ఏజెంట్లు అందరూ దాన్నే చూస్తారు. ఒకసారి ఒక అంకె వచ్చింది. పైన చిన్న కొక్కెం, కింద నిలువు గీత. ఒకటా, ఏడా? ఆ వార్డులో పోటీ చేసినవాళ్లు ఆరుగురే. ఏడైతే అర్థం లేదు. పైగా కాగితంలో ఇంకెక్కడా ఒకటి లేదు, రెండు మాత్రం వేరే పేరు పక్కన ఉంది. ఒకటి అని తేల్చారు. ఏజెంట్లలో ఆ ఓటు వల్ల నష్టపోయే పార్టీ మనిషి కూడా తలూపాడు. ఒక పెన్సిలు గీత కోసం ఆరుగురు మనుషులు అరనిమిషం ఊపిరి బిగబట్టి చూశారు. మరో కాగితంలో అంకెల్లేకుండా ఒక్క పేరు పక్కన ఇంటూ గుర్తు. దాన్ని మొదటి ప్రాధాన్యంగా తీసుకుంటారు, ఎందుకంటే ఓటరు మనసులో ఉన్నది స్పష్టం. రెండు పేర్ల పక్కన రెండు ఇంటూలు పెడితే మాత్రం చెల్లదు.

2007లో ఒకే రోజున స్కాటిష్ పార్లమెంటు ఎన్నిక, కౌన్సిల్ ఎన్నిక రెండూ పెట్టారు. ఒక కాగితం మీద ఇంటూ గుర్తు, ఇంకో కాగితం మీద అంకెలు. నా బూత్‌లో పొద్దుటి నుంచి రాత్రి పదింటి దాకా అదే ప్రశ్న, "దీనికి ఏది పెట్టాలమ్మా?" ఆ ఏడాది లక్షకు పైగా పార్లమెంటు ఓట్లు చెల్లకుండా పోయాయి. విచారణ జరిపిన రాన్ గౌల్డ్ రెండు ఎన్నికలనూ విడదీయమన్నారు. అందుకే తరవాతి కౌన్సిల్ ఎన్నికలు 2011లో కాకుండా 2012లో జరిగాయి.

ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది, దాచను. బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షర క్రమంలో ఉంటాయి. ఒకే పార్టీ ఇద్దరిని నిలబెడితే చాలామంది పై నుంచి కిందికి ఒకటి, రెండు అని వేసుకుంటూ పోతారు. పైనున్నవాళ్లు మొదటి రౌండులోనే గెలుస్తారు, కిందున్నవాళ్లు మంచి కౌన్సిలర్లయినా ఓడిపోతుంటారు. పార్టీలు దీనికి విరుగుడుగా వార్డును వీధుల వారీగా పంచుకుని, ఈ వీధుల్లో ఆమెకు ఒకటి, ఆ వీధుల్లో ఇతనికి ఒకటి వేయమని వేర్వేరు కరపత్రాలు పంచుతాయి. నీ తలుపు కింద పడ్డ కరపత్రంలో "1 ఈమెకు, 2 ఆయనకు" అని ఉండి, పక్క వీధిలో ఉన్న నీ స్నేహితుడికి వచ్చినదాంట్లో వరస తిరగబడి ఉంటే అచ్చుతప్పు అనుకోకు.

ఇప్పుడు 2022, మే 5. ప్రాధాన్య ఓటు వచ్చాక ఏ పార్టీకైనా సొంత మెజారిటీ రావడం అరుదైపోయింది. ఆ రోజు స్కాట్లాండ్ మొత్తం మీద ఎస్‌ఎన్‌పీ 453, లేబర్ 282, కన్జర్వేటివ్ 214, లిబరల్ డెమొక్రాట్ 87, గ్రీన్ 35 సీట్లు గెలిచారు. స్వతంత్రులు 152 మంది. అయినా ఒకే పార్టీకి మెజారిటీ దక్కినవి రెండే కౌన్సిళ్లు. డండీలో ఎస్‌ఎన్‌పీకి 29లో 15, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్‌లో లేబర్‌కి 22లో 12. మూడు దీవుల కౌన్సిళ్లలో స్వతంత్రులదే పైచేయి. మిగతా 27 చోట్లా లెక్క తెగలేదు.

ఎడిన్‌బరాలో 63 సీట్లు. ఎస్‌ఎన్‌పీ 19, లేబర్ 13, లిబరల్ డెమొక్రాట్ 12, గ్రీన్ 10, కన్జర్వేటివ్ 9. మెజారిటీ 32. ఎస్‌ఎన్‌పీ, గ్రీన్ కలిస్తే 29, మూడు తక్కువ. అంతకుముందు ఐదేళ్లు ఎస్‌ఎన్‌పీతో కలిసి పాలించింది లేబరే. కానీ ఈసారి ఎవరితోనూ అధికారికంగా సంకీర్ణం వద్దని స్కాటిష్ లేబర్ నాయకుడు అనాస్ సర్వార్ తేల్చి చెప్పారు. మే నెలాఖరు సమావేశంలో కామీ డే నాయకత్వంలో లేబర్ మైనారిటీ పాలనకు ప్రతిపాదన పెట్టింది. లిబరల్ డెమొక్రాట్లు, కన్జర్వేటివ్‌లు దానికి ఓటేశారు. వాళ్ల 21, లేబర్ 11, మొత్తం 32. అవతల 29. లేబర్ 13లో 11 మాత్రమే ఎందుకంటే, కన్జర్వేటివ్‌ల మద్దతుతో గద్దెనెక్కడం తమకు సమ్మతం కాదని ఇద్దరు లేబర్ కౌన్సిలర్లు తటస్థంగా ఉండిపోయారు. పార్టీ వాళ్లను సస్పెండ్ చేసింది. ఆ ఇద్దరూ ఎదురు ఓటేసి ఉంటే 32, 31 అయ్యేది. అప్పుడైనా ప్రతిపాదన నెగ్గేదే, కానీ ఒక్క ఓటు మీద.

క్యాంపు రాజకీయాలు అన్నావు కదా, ఇక్కడ ఆగి చూడు. ఎవరినీ రిసార్ట్‌కి తీసుకుపోలేదు, ఎవరూ పార్టీ మారలేదు. ఎమ్మెల్యేలూ ఎంపీలూ ఎక్స్ అఫీషియో ఓట్లు వేయడానికి రాలేదు, ఇక్కడ ఆ ఏర్పాటే లేదు. ఏ పార్టీ ఎటు ఓటేసిందో సమావేశపు మినిట్స్‌లో ఉంది, నువ్వు ఇవాళ వెబ్‌సైట్‌లో చదువుకోవచ్చు. నచ్చనివాళ్లు తిట్టుకున్నారు, అది వేరే. 19 వచ్చిన పార్టీ బయట కూర్చోవడం తప్పని ఎస్‌ఎన్‌పీ ఓటర్లు బాధపడ్డారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ 63లో 44 మంది ఆ పార్టీ వాళ్లు కారు అన్నదీ నిజమే కదా. ఫైఫ్ కౌన్సిల్‌లోనూ అదే ఏడాది ఇదే కథ. ఎస్‌ఎన్‌పీకి 75లో 34 వచ్చాయి, మెజారిటీకి నాలుగే తక్కువ. అయినా 20 సీట్ల లేబర్ పాలన పట్టింది, లిబరల్ డెమొక్రాట్లు, కన్జర్వేటివ్‌ల ఓట్లతో. గ్లాస్గోలో మాత్రం ఎస్‌ఎన్‌పీ 37, లేబర్ 36. ఒక్క సీటు తేడా. గ్రీన్‌ల సహకారంతో ఎస్‌ఎన్‌పీయే కొనసాగింది, సూసన్ ఐట్కెన్ నాయకురాలిగా. 1977లో ఇదే నగరాన్ని 25 సీట్లతో పాలించిన కన్జర్వేటివ్‌లకు 2022లో వచ్చినవి రెండు.

కాబట్టి పాతదైనా కొత్తదైనా ఒక పట్టిక చేతికొస్తే నేను చూసే వరస ఇది. ముందు మొత్తం సీట్లు చూసి సగానికి ఒకటి కలుపుతాను. ఏ పార్టీ దాన్ని దాటకపోతే "గెలిచింది" అన్న మాట పక్కన పెట్టేసి, మొదటి సమావేశపు మినిట్స్ వెతుకుతాను. 2007కి ముందుదైతే ఓట్ల శాతాన్నీ సీట్ల శాతాన్నీ పక్కపక్కన పెడతాను, అక్కడే అసలు కథ దొరుకుతుంది. 2007 తరవాతదైతే మొదటి ప్రాధాన్య ఓట్లు మాత్రమే చూసి ఆగిపోను, ఎవరి ఓట్లు ఎవరికి బదిలీ అయ్యాయో చూస్తాను. 1996కి ముందుదైతే ఆ సమయంలో రీజియన్ ఎవరి చేతిలో ఉందో తప్పకుండా చూస్తాను. ఉప ఎన్నికల పట్టికలతో జాగ్రత్త. నలుగురు సభ్యుల వార్డులో ఒకరు పోతే ఆ ఒక్క సీటుకే ఎన్నిక జరుగుతుంది. అప్పుడు కోటా చెల్లిన ఓట్లలో సగం దాకా పెరిగిపోతుంది, చిన్న పార్టీ ఖాళీ చేసిన సీటు పెద్ద పార్టీకి పోవడం మామూలే. దాన్ని చూసి గాలి మారిందని రాసేయకు.

ఇక నీ ఓటు సంగతి. ఉంది తమ్ముడూ. ఇండియా కామన్వెల్త్ దేశం. ఇక్కడ ఉండటానికి చెల్లుబాటయ్యే వీసా ఉన్న భారత పౌరులకు ఓటు హక్కు ఎప్పటి నుంచో ఉంది. స్టూడెంట్ వీసా అయినా సరే. కౌన్సిల్ ఎన్నికల్లో పదహారేళ్లు నిండితే చాలు. 2020 చట్టం వచ్చాక ఇతర దేశాలవాళ్లకు కూడా చట్టబద్ధంగా ఉంటే కౌన్సిల్, స్కాటిష్ పార్లమెంటు ఓట్లు వచ్చాయి. కౌన్సిల్ ఎన్నికకు బూత్‌లో ఫొటో గుర్తింపు కార్డు చూపించక్కర్లేదు. ఆ నిబంధన ఇక్కడ బ్రిటన్ పార్లమెంటు ఎన్నికకే. కానీ పేరు జాబితాలో ఉండాలి. మనవాళ్లు అక్కడే తప్పుతారు. అబర్డీన్‌లో, ఎడిన్‌బరాలో, గ్లాస్గోలో ఎన్ని తెలుగు ఇళ్లకు వెళ్లానో! చెత్త తీయలేదని, పిల్లాడికి దగ్గరి బడిలో సీటు రాలేదని చెప్తారు. ఓటు నమోదు చేసుకున్నారా అంటే, "మనకెందుకుంటుందండీ, మనం వీసా మీదున్నాం కదా" అంటారు. ఒకసారి నా బూత్‌కి ఒక తెలుగమ్మాయి భర్తకు తోడుగా వచ్చింది. ఆయనకు పౌరసత్వం ఉంది, ఆవిడ డిపెండెంట్ వీసా మీద ఉంది. ఆయన ఓటేస్తుంటే గుమ్మం దగ్గర నిలబడింది. తనకూ ఓటు ఉండేదని నేను చెప్పినప్పుడు ఆవిడ మొహం చూసి నాకు మనసు చివుక్కుమంది. నమోదు గడువు అప్పటికే దాటిపోయింది.

తరవాతి కౌన్సిల్ ఎన్నికలు 2027 మే 6న. ఆన్‌లైన్‌లో నమోదుకు పట్టేది పది నిమిషాలు. ఇల్లు మారితే మళ్లీ చేసుకోవాలి. విద్యార్థులు ఏటా ఇల్లు మారతారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకో. బూత్‌లో ఇంటూ పెట్టకు, అంకెలు వేయి. ఎన్ని కావాలంటే అన్ని వేయొచ్చు, ఒకటితో ఆపేయొచ్చు కూడా. నేనైతే ఆపొద్దనే అంటాను. మొదట అనుకున్న మనిషి ఓడిపోతే, తరవాత ఎవరికి అని నువ్వు రాయకపోయిన చోట నీ కాగితం పక్కకు వెళ్లిపోతుంది.

ఆ 1984 ఎడిన్‌బరా పట్టిక చూసి ఏమైనా అర్థం కాకపోతే ఇక్కడే అడుగు. ఆ వార్డుల పాత పటం ఒకటి నా దగ్గరుంది, ఫొటో తీసి పెడతాను.